పాటకు ఎంత ల్యాప్‌టాప్ కావాలి?



ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకోవడానికి ఏ ల్యాప్‌టాప్ కొనాలి? సంఘాల్లో కీబోర్డు వాయించే యౌవనస్థులు, గాయక బృందాల నాయకులు, అప్పుడప్పుడు పాస్టర్ అయ్యగార్లు కూడా అడిగే ప్రశ్న ఇది. క్రిస్మస్ దగ్గర పడేకొద్దీ ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వినిపిస్తుంది. సంపాదకీయంలో ల్యాప్‌టాప్ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. రెండు కారణాల వల్ల ఇది మనందరికీ సంబంధించిన విషయమని మేము అనుకుంటున్నాం.

మొదటిది డబ్బు. సంఘం కొనే ల్యాప్‌టాప్‌లో కూలి పనికి వెళ్లివచ్చిన తల్లి వేసిన కానుక కూడా ఉంటుంది. ఇంట్లో కొంటే, నెలనెలా వాయిదా కట్టే తండ్రి జీతం ఉంటుంది. ఇది తెలియక రెట్టింపు ఖర్చు పెడితే ఆ భారం మోసేది వాళ్లే. రెండవది పాట. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి గాని స్వరాలు ఉండవు. పురుషోత్తమ చౌదరి గారు 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన మాటలు పుస్తకంలో నిలిచాయి గాని, వాటిని ఏ ఊళ్లో ఎలా పాడేవారన్నది పెద్దల గొంతుల్లోనే ఉంది. ఆ గొంతులు మన కొనుగోలు పూర్తయ్యే వరకు ఆగవు.

అందుకని ఈ వారం మేము చెప్పదలచినది ఒక్కటే. పాట నాణ్యతలో ల్యాప్‌టాప్ పాత్ర మనం అనుకునేదానికన్నా చాలా చిన్నది. పనికి సరిపడేది కొని, మిగిలిన డబ్బు మైకుకు, గదికి పెట్టి, త్వరగా పని మొదలుపెట్టడమే తెలివైన పని. అది ఎందుకో, సరిపడేది అంటే ఎంతో వరుసగా చూద్దాం.

ల్యాప్‌టాప్ చేసే పని ఏమిటి?

గాయకుని గొంతు ముందుగా మైకులోకి వెళుతుంది. మైకు దానిని సన్నని విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతం కేబుల్ ద్వారా ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెకు చేరుతుంది. ఆ పెట్టె దానిని అంకెలుగా మార్చి యూఎస్‌బీ వైరు ద్వారా ల్యాప్‌టాప్‌కు పంపుతుంది. ల్యాప్‌టాప్ ఆ అంకెలను దాచిపెడుతుంది. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలవడం. వీడియోతో కలిసే పాటలకు సాధారణంగా 48,000 సార్లు కొలుస్తారు.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, గొంతు అంకెలుగా మారే పని ల్యాప్‌టాప్ బయటే అయిపోయింది. 40 వేల రూపాయల ల్యాప్‌టాప్ అయినా, రెండు లక్షలదైనా దాచేది అవే అంకెలు. ఖరీదైన దానిలో దాచినంత మాత్రాన గొంతు తియ్యబడదు. మైకు మంచిది కాకపోతే, గది మారుమోగుతుంటే, ఆ లోపం కూడా అంకెల్లో అలాగే ఉండిపోతుంది.

మరి ల్యాప్‌టాప్ శక్తి ఎక్కడ కావాలి? రికార్డయిన గొంతులను, వాయిద్యాలను ఒకేసారి వినిపిస్తూ, ఒక్కొక్కదానికి ఎఫెక్టులు చేర్చేటప్పుడు కావాలి. కీబోర్డు నొక్కితే కంప్యూటర్‌లోని వయొలిన్లు, తబలాలు పలికేటప్పుడు కావాలి. కాబట్టి ఎంత ల్యాప్‌టాప్ అన్నది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది.

ముందు పని, తరువాత మిషను

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకుంటాడని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పిన ఉపమానం మనకు తెలుసు. దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మీ పని రాసుకోండి. సాధారణంగా అది ఈ మూడింటిలో ఏదో ఒకటి అవుతుంది.

ఒకటి: సిద్ధంగా ఉన్న ట్రాక్ మీద ఒకరిద్దరు పాడటం, వాక్య సందేశాలు రికార్డు చేయడం, పెద్దల చేత పాత కీర్తనలు పాడించి దాచడం. దీనికి 8 జీబీ ర్యామ్ ఉన్న సాధారణ ల్యాప్‌టాప్ చాలు. ఇంట్లో నాలుగైదేళ్ల నాటిది ఉంటే కొత్తది కొనే అవసరమే లేకపోవచ్చు.

రెండు: పాటకు సంగీతం కూడా మీరే సమకూర్చడం. కీబోర్డు, గిటారు, డోలక్, ముఖ్య గాయకుడు, వెనుక నాలుగు గొంతులు, ఇలా 20, 30 వరుసలు అవుతాయి. మన సంఘాల్లో ఎక్కువ పని ఇదే. దీనికి 16 జీబీ ర్యామ్, ఈ మధ్య కాలపు మధ్యతరగతి ప్రాసెసర్ సరిపోతాయి.

మూడు: పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీలతో సినిమా స్థాయి సంగీతం చేయడం, అదే మిషను మీద వీడియో ఎడిటింగ్ కూడా చేయడం. దీనికి 32 జీబీ ర్యామ్, గట్టి ప్రాసెసర్ కావాలి. ఇది చేసేవారు చాలా తక్కువమంది. ఎప్పటికైనా చేస్తామేమో అన్న ఆశతో ఇప్పుడే దీనికి డబ్బు పెట్టకండి.

దుకాణంలో చూడవలసినవి

ప్రాసెసర్ విషయంలో ఇంటెల్ కోర్ ఐ5 లేదా కోర్ అల్ట్రా 5, ఏఎండీ రైజన్ 5 రకాలు రెండవ తరగతి పనికి సరిపోతాయి. పేరు చూసి మోసపోకూడదు. 2016 ప్రాంతంలో పలుచని ల్యాప్‌టాప్‌ల్లో ఐ7 అని వచ్చిన చాలా ప్రాసెసర్లకు రెండే కోర్లు ఉన్నాయి. ఇప్పటి ఐ5 వాటికన్నా ఎంతో వేగమైనది. కాబట్టి ఐ5నా, ఐ7నా అని కాక ఏ సంవత్సరంలో వచ్చిందని అడగండి. సెలెరాన్ రకాలు ఈ పనికి చాలవు. క్రోమ్‌బుక్‌లలో మనవాళ్లు వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు నడవవు. స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్ కొనదలిస్తే, మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌కు దానిలో పనిచేసే డ్రైవర్ ఉందో లేదో తయారీదారు వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

ర్యామ్ గురించి ఒక హెచ్చరిక. ఈనాటి పలుచని ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసి ఇస్తున్నారు. తరువాత పెంచుకోవడం కుదరదు. “ఇప్పుడు 8 తీసుకోండి, తరువాత వేయించుకుందురు” అని దుకాణదారు అంటే, ఆ మోడల్‌లో ఖాళీ స్లాట్ ఉందా అని అడగండి. ఉంటే ఇప్పుడు 8తో తీసుకుని తరువాత పెంచుకోవడం మంచి పొదుపు. లేకపోతే మొదటే 16 తీసుకోండి.

స్టోరేజీ ఎస్ఎస్‌డీ అయి తీరాలి. పాతకాలపు తిరిగే హార్డ్ డిస్కు నెమ్మదిగా ఉంటుంది, గదిలో చప్పుడు కూడా చేస్తుంది. ఎంత కావాలో లెక్క వేద్దాం. 24 బిట్, 48,000 కొలతల చొప్పున ఒక గొంతు రికార్డు చేస్తే నిమిషానికి సుమారు 8.6 ఎంబీ అవుతుంది. ఐదు నిమిషాల పాటలో 20 వరుసలు ఉంటే దాదాపు 865 ఎంబీ. ఒక్కొక్కటి మూడుసార్లు పాడారనుకుంటే పాటకు రెండున్నర జీబీ దాటుతుంది. వంద పాటలకు 260 జీబీ. అందుకే 512 జీబీ ఎస్ఎస్‌డీ చాలామందికి సరిపోతుంది. 256 జీబీది అయితే విండోస్, సాఫ్ట్‌వేర్లు పోగా మిగిలేది కొద్దిగా ఉంటుంది కనుక బయట ఒక ఎస్ఎస్‌డీ పెట్టుకోవాలి.

యూఎస్‌బీ పోర్టులు లెక్కపెట్టండి. ఇంటర్‌ఫేస్‌కు ఒకటి, కీబోర్డుకు ఒకటి, బయటి డిస్కుకు ఒకటి, మౌస్‌కు ఒకటి కావాలి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లకు రెండే ఉంటాయి, వాటిలో ఒకటి చార్జర్‌కే పోతుంది. ఇంటర్‌ఫేస్‌ను మాత్రం ఎప్పుడూ నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. చౌక హబ్‌లు సరిపడా కరెంటు ఇవ్వక మధ్యలో శబ్దం తెగిపోతుంటుంది.

ఫ్యాను చప్పుడు కూడా వినాలి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో బలమైన గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది. పాటకు ఆ కార్డుతో దాదాపు పని లేదు. దాని ధర మీరు కడతారు, దాని ఫ్యాను గోల మీ మైకు వింటుంది. వీడియో ఎడిటింగ్ ఎక్కువగా చేసేవారికి తప్ప మిగిలినవారికి అది అనవసరం.

చివరగా వారంటీ. మీ పట్టణంలోనో, దగ్గర జిల్లా కేంద్రంలోనో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూసుకోండి. బాగుచేయించడానికి హైదరాబాదు వరకు పోవలసిన మిషను, ఎంత మంచిదైనా, క్రిస్మస్ ముందు వారంలో పనికిరాదు.

ఆలస్యం అనే చిక్కు

పాడేవారు హెడ్‌ఫోన్‌లో తమ గొంతు తామే వింటూ పాడతారు. ఆ గొంతు ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి కొంత ఆలస్యం అవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అనే అమరిక దీనిని నిర్ణయిస్తుంది. 48,000 కొలతల వద్ద బఫర్ 128 పెడితే అది సెకనులో వెయ్యో వంతులు 2.7 మాత్రమే. 1024 పెడితే 21 దాటుతుంది. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు రెండుసార్లూ ఇది కలుస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది గనుక, వెయ్యింట పది సెకన్ల ఆలస్యం అంటే మూడున్నర మీటర్ల దూరంలో నిలబడినవారిని విన్నట్టు. అంతవరకు పాడేవారు సర్దుకుంటారు. నలభై అయితే తాళం తప్పుతుంది.

బఫర్ తగ్గించేకొద్దీ ప్రాసెసర్ మీద ఒత్తిడి పెరిగి చిటపటలు వస్తాయి. ఇది విని చాలామంది వెంటనే ఖరీదైన ల్యాప్‌టాప్ కొనాలనుకుంటారు. కొనే ముందు మూడు పనులు చేసి చూడండి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటే దానిని వేయండి. అప్పుడు గాయకుని గొంతు ల్యాప్‌టాప్‌లోకి పోకముందే హెడ్‌ఫోన్‌కు చేరుతుంది, ఆలస్యం ఉండదు. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్‌ను వేసుకోండి. పాడేటప్పుడు బఫర్ తక్కువగా, మిక్సింగ్ చేసేటప్పుడు ఎక్కువగా పెట్టుకోండి. బరువైన ఎఫెక్టులు, వాయిద్యాలు ఉన్న వరుసలను ఫ్రీజ్ చేసే సదుపాయం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఈ పనులతో మామూలు ల్యాప్‌టాప్ మీదనే చాలా పాటలు పూర్తవుతాయి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ రికార్డింగ్‌కు పనికిరాదు. దాని ఆలస్యం ఏ ల్యాప్‌టాప్ కొన్నా తగ్గదు. వైరున్నదే వాడండి.

విండోసా, మ్యాకా?

రెండింటిలోనూ మంచి పాటలు తయారవుతాయి. మ్యాక్‌బుక్‌లో శబ్దానికి అవసరమైన వ్యవస్థ లోపలే సిద్ధంగా ఉంటుంది, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది. 2020లో వచ్చిన ఎం1 చిప్ నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌కు ఫ్యానే లేదు కనుక చప్పుడు లేదు. లాజిక్ ప్రో అనే సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లో నడుస్తుంది, విండోస్‌లో నడవదు. అయితే ధర ఎక్కువ. ర్యామ్, స్టోరేజీ తరువాత పెంచుకోలేం. బాగుచేయించడం కూడా ఖర్చుతో కూడినదే.

విండోస్‌లో తక్కువ ధరలకు ఎక్కువ రకాలు దొరుకుతాయి. చాలా మోడళ్లలో ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు. మీ ఊళ్లో సహాయం చేయగలవారు ఎక్కువమంది ఉంటారు. మా సలహా ఇది: మీతో కలిసి పాటలు చేసే స్నేహితుడు, మీకు నేర్పే అన్న ఏది వాడుతున్నారో అదే తీసుకోండి. చిక్కు వచ్చినప్పుడు పక్కన నేర్పే మనిషి ఉండటం కంపెనీ పేరుకన్నా విలువైనది.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. కంపెనీల్లో వాడి తీసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు గట్టిగా ఉంటాయి, వాటిలో చాలా వాటికి ర్యామ్ పెంచుకునే వీలుంటుంది. కాని ఒక తేదీ గుర్తుంచుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం, ఆ తరువాతి ప్రాసెసర్లే అధికారికంగా సరిపోతాయి. 6వ, 7వ తరం ల్యాప్‌టాప్‌లు చవకగా దొరుకుతున్నాయంటే ఒక కారణం అదే.

కొనే ముందు అరగంట దుకాణంలోనే కూర్చోండి. బ్యాటరీ ఎంతసేపు వస్తోందో చూడండి. అన్ని యూఎస్‌బీ పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. వీలైతే మీ ఇంటర్‌ఫేస్ పట్టుకెళ్లి ఐదు నిమిషాలు రికార్డు చేసి హెడ్‌ఫోన్‌లో వినండి. విండోస్‌లో లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం నడిపితే, శబ్దం తెగిపోయే స్వభావం ఆ ల్యాప్‌టాప్‌కు ఉందో లేదో తెలుస్తుంది. బిల్లు లేకుండా ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. అది ఎవరి ఇంటినుంచి వచ్చిందో మనకు తెలియదు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి?

సంఘం 80 వేలు కూడబెట్టిందనుకుందాం. చాలాచోట్ల 75 వేలు ల్యాప్‌టాప్‌కు పోయి, మైకు దగ్గర ఐదు వేలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. దీనిని తిరగవేయండి. ల్యాప్‌టాప్‌కు 45 వేలకు మించకుండా చూసుకోండి. మిగిలిన దానిలో రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్, ఒక మంచి మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్, స్టాండు, కేబుళ్లు, బయటి డిస్కు కొనండి. ధరలు మారుతుంటాయి గనుక అంకెలు కాక నిష్పత్తి గుర్తుంచుకోండి: ల్యాప్‌టాప్‌కు పదింట ఆరు వంతులు దాటకూడదు.

హార్మోనియం, తబలా, డోలక్‌లతో అందరూ కలిసి ఒకేసారి పాడే పద్ధతి మీదైతే నాలుగు లేదా ఎనిమిది ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ కావాలి. ఆ సంగతి ముందే తేల్చుకుని ల్యాప్‌టాప్ బడ్జెట్ దానికి తగ్గట్టు కుదించుకోండి.

మైకులు రెండు రకాలు. కండెన్సర్ మైకు సన్నని ధ్వనులను కూడా పట్టుకుంటుంది. దానికి ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఇవ్వాలి. డైనమిక్ మైకుకు అది అక్కరలేదు, దూరపు చప్పుళ్లను అది తక్కువగా పట్టుకుంటుంది. రోడ్డు పక్క ఇల్లు, రేకుల కప్పు, పక్కింటి మిక్సీ ఉన్నచోట డైనమిక్ మైకే మంచి పాట ఇస్తుంది. 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం58 ఆ రకానిదే. చాలా మందిరాల్లో అలాంటి మైకు ఇప్పటికే ఉంది. దానితోనే మొదలుపెట్టవచ్చు.

గదికి పెద్దగా డబ్బు అక్కరలేదు. మన సిమెంటు గదులు, నాపరాళ్ల నేల గొంతును మారుమోగిస్తాయి. కింద బొంత పరచండి. గాయకుని వెనుక, పక్కల మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. బట్టల బీరువా తలుపులు తెరిచి అటు వీపు పెట్టి పాడినా తేడా తెలుస్తుంది. సీలింగ్ ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు. ల్యాప్‌టాప్‌ను మైకుకు రెండు మీటర్ల దూరంలో, మైకు వెనుక వైపున ఉంచండి. రాత్రి పది తరువాత, లేదా తెల్లవారుజామున వీధి సద్దు లేనప్పుడు పాడించండి. ఈ ఏర్పాట్లు లేకుండా రెండు లక్షల ల్యాప్‌టాప్ కూడా పాటను కాపాడలేదు.

దొంగ సాఫ్ట్‌వేర్‌తో దేవునికి పాటా?

ఇది చెప్పడం కొందరికి కష్టంగా తోచవచ్చు గాని చెప్పక తప్పదు. “సాఫ్ట్‌వేర్ అంతా వేసి ఇస్తాం” అని పెన్‌డ్రైవ్ తీసే దుకాణాలు ఉన్నాయి. వేలు, లక్షలు విలువచేసే సాఫ్ట్‌వేర్లు, ప్లగిన్‌లు క్రాక్ చేసి ఉచితంగా ఎక్కిస్తారు. అవి తయారుచేసినవాళ్లు కూడా కష్టపడి పనిచేసినవాళ్లే. వారి కూలి వారికి ఇవ్వకుండా వాడుకోవడాన్ని దొంగతనం అనకుండా వేరే పేరు పెట్టలేం.

దావీదు అరౌనా కళ్లంలో బలిపీఠం కట్టబోయినప్పుడు అరౌనా అన్నీ ఉచితంగా ఇస్తానన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తీసుకున్నదానిని తన దేవునికి అర్పించనని, 50 తులముల వెండి ఇచ్చి కొన్నాడు. అక్కడ యజమాని ఇష్టపూర్వకంగా ఇస్తానన్నాడు. ఇక్కడ యజమానికి తెలియకుండా తీసుకుంటున్నాం. స్తుతి పాటకు అది తగునా అని మనల్ని మనమే అడుగుకోవాలి. లోకరీతిగా చూసినా నష్టమే. క్రాక్ ఫైళ్లతో పాటు వైరస్‌లు వచ్చి, రికార్డు చేసిన పాటలన్నీ పోయే ప్రమాదం ఉంది.

న్యాయమైన దారులు చాలా ఉన్నాయి. ఆడాసిటీ ఉచితం, ఒకటి రెండు గొంతులకు, సందేశాలకు చక్కగా సరిపోతుంది. వేవ్‌ఫార్మ్ ఫ్రీ పేరుకు తగ్గట్టే ఉచితం. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉంది. రీపర్‌ను 60 రోజులు వాడి చూడవచ్చు, వ్యక్తిగతంగా వాడుకునేవారికి లైసెన్సు 60 డాలర్లు. ఇది తక్కువ ర్యామ్ ఉన్న మిషన్ల మీద కూడా తేలికగా నడుస్తుంది. చాలా ఇంటర్‌ఫేస్‌లతో పాటు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ప్రారంభ వెర్షన్ ఉచితంగా వస్తుంది, పెట్టెలోని కాగితం పారేయకండి. సంఘం బడ్జెట్ రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌కు కూడా ఒక వరుస రాయండి.

అప్పు, కరెంటు, భద్రత

అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది. సున్నా వడ్డీ వాయిదాలని ప్రకటనలు వచ్చినా ప్రాసెసింగ్ రుసుములు, ఆలస్య రుసుములు చదవకుండా సంతకం పెట్టకండి. కీబోర్డు వాయించి వచ్చే ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదు. క్రిస్మస్ నెలలో వచ్చినది చూసి రెండేళ్ల వాయిదా ఒప్పుకుంటే, ఎండాకాలంలో ఇంటి బియ్యం డబ్బు దానికి పోతుంది. ఆరు నెలలు ఆగి కొనడంలో అవమానం లేదు.

కరెంటు పోయినా ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కన్నా అది మనకు మేలు. చార్జర్ పెట్టినప్పుడు రికార్డింగ్‌లో గుయ్యిమనే శబ్దం వస్తే చాలాసార్లు కారణం ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడమే. చార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు విండోస్ వేగం తగ్గించుకుంటుంది గనుక పవర్ అమరికను ఎక్కువ పనితీరుకు మార్చుకోండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: ల్యాప్‌టాప్ పోతే మరొకటి కొనగలం, రికార్డింగ్ పోతే మళ్లీ తెచ్చుకోలేం. ప్రతి పాటకు మూడు ప్రతులు ఉంచండి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి డిస్కులో, మూడవది వేరే ఇంట్లోనో ఇంటర్నెట్‌లోనో. పాడిన రోజు రాత్రే కాపీ చేయండి. ఫైలు పేరులో పాట పేరు, పాడినవారి పేరు, ఊరు, తేదీ రాయండి. సంఘం ల్యాప్‌టాప్ అయితే రిజిస్టరులో ఎక్కించి, ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరెవరు వాడవచ్చో కమిటీలోనే తీర్మానించండి. ఇలా చేస్తే మిషను మీద తగువులు పెరగవు.

ఎదురుచూడకండి

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో దావీదు కాలపు గాయకుల లెక్క ఉంది: యెహోవాకు గానము చేయుటలో నేర్పు పొందిన ప్రవీణులు 288 మంది. అంతకుముందు 15వ అధ్యాయంలో కెనన్యాకు పాటల బాధ్యత ఎందుకు ఇచ్చారో కూడా చెప్పారు, అతడు ఆ పనిలో నేర్పరి. ఆ రెండుచోట్లా లెక్కలోకి వచ్చినది నేర్పు. మన యౌవనస్థులు కూడా ల్యాప్‌టాప్ మోడళ్లు పోల్చుకునే గంటల్లో సగం సాధనకు, వినడానికి, మిక్సింగ్ నేర్చుకోవడానికి పెడితే వారి పాటల్లో తేడా త్వరలోనే వినిపిస్తుంది.

సంఘ పెద్దలకు మా మనవి ఇది. ల్యాప్‌టాప్ కోసం నిధి పోగవుతున్నంతకాలం చేతులు కట్టుకుని కూర్చోకండి. మీ సంఘంలో పాత వరుసలు తెలిసిన 70 ఏళ్లు దాటిన పెద్దలు ఎవరెవరో ఈ ఆదివారమే పేర్లు రాసుకోండి. ఆ అవ్వ దగ్గరకు, ఆ తాతగారి దగ్గరకు ఇద్దరు పిల్లల్ని ఫోనుతో పంపండి. ఫ్యాను ఆపి, ఫోనును మూరెడు దూరంలో దిండు మీద పెట్టి, వారికి వచ్చిన పాటలు ఒక్కొక్కటిగా పాడించి రికార్డు చేయండి. ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా చెప్పించండి. ఆ ఫైళ్లు అదే రోజు ఇంకొక చోటికి కాపీ చేయండి. తరువాత ల్యాప్‌టాప్ వచ్చినప్పుడు, మీ పిల్లలు వాయిద్యాలు చేర్చి ఆ పాటకు కొత్త రూపు ఇవ్వవచ్చు. అప్పటికి ఆ అవ్వ మన మధ్య లేకపోయినా, ఆమె వరుస వాళ్ల దగ్గర ఉంటుంది.